లండన్ నుంచి సిడ్నీకి ఎన్ని రోజులు?

లండన్ హీత్రో నుంచి సిడ్నీ విమానాశ్రయానికి దూరం సుమారు 17,020 కిలోమీటర్లు. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. రెండు చోట్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుని, ఇంటర్లో చదివి మర్చిపోయిన సైన్లూ కొసైన్లూ ఓసారి గుర్తు చేసుకుంటే పది లైన్ల ప్రోగ్రాం, అంతే. భూమి చుట్టుకొలత 40,000 కాబట్టి భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యా దూరం 20,000 కిలోమీటర్లు దాటదు. ఆ లెక్కన ఈ రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు ఈ కొసా ఆ కొసా. ఇంతకంటే దూరంగా ఉన్న ఊళ్ళు లేకపోలేదు కానీ, రెండువందల ఏళ్ళకు పైగా జనం ఇంత పట్టుదలగా తిరిగిన జంట మరోటి ఉంటుందనుకోను. అందుకని ప్రయాణకాలం అనేది అసలు ఎలా తగ్గుతుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మనవాళ్ళలో చాలామంది (నాతో సహా) అనుకునేదేమిటంటే, విమానాల వేగం పెరిగింది, అందుకే ప్రయాణకాలం తగ్గింది అని. ఈ దారి చరిత్ర చదువుతుంటే అది సగమే నిజం అనిపించింది. ఆ మిగతా సగం గురించే ఇది.

ముందు ఓడల సంగతి రెండు ముక్కల్లో. 1787 మే 13న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నుంచి 11 ఓడలు ఖైదీలను ఎక్కించుకుని బయల్దేరాయి. 1788 జనవరిలో బోటనీ బే చేరాయి. ఎనిమిది నెలలు. తర్వాత తెరచాపల ఓడల స్వర్ణయుగంలో, 1885లో, 'కటీ సార్క్' అనే ఓడ ఉన్ని వేసుకుని సిడ్నీ నుంచి ఇంగ్లండుకి 73 రోజుల్లో వచ్చిందని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడలు ఇంకా తగ్గించుకుంటూ వచ్చాయి. ఇక్కడ మనలాంటి వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. 1872లో ఆస్ట్రేలియా ఖండాన్ని నిలువునా దాటే టెలిగ్రాఫ్ తీగ పూర్తయి, డార్విన్ దగ్గర సముద్రపు తీగతో కలిసింది. అంటే అప్పటిదాకా ఓడతో సమానంగా నడిచిన కబురు ఒక్కసారిగా గంటల్లోకి వచ్చేసింది. మనిషి మాత్రం నెలల్లోనే ఉండిపోయాడు. ఎవరో పోయారన్న వార్త అదే రోజు తెలుస్తుంది, వెళ్ళి చూడటానికి మాత్రం నెలన్నర. టెలిగ్రాఫ్ రాకముందు ఆ బాధ లేదు. వార్తా ఆలస్యమే, మనిషీ ఆలస్యమే.

సరే, విమానాలకొద్దాం.

మొదటి ప్రపంచయుద్ధం అయిపోగానే, 1919లో, ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ ప్రభుత్వం ఒక పందెం పెట్టింది. ఆస్ట్రేలియావాళ్ళు ఎవరైనా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకి 30 రోజుల్లోపు విమానంలో వస్తే 10,000 పౌండ్లు. ఆరు బృందాలు బయల్దేరాయి. నలుగురు మనుషులు చనిపోయారు. గడువులోగా చేరింది ఒక్కటే విమానం: రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు, వాళ్ళతో బెనెట్, షయర్స్ అనే ఇద్దరు మెకానిక్కులు, వికర్స్ వైమీ అనే రెండింజన్ల యుద్ధవిమానం. పైన కప్పు కూడా లేదు, మంచూ వానా అన్నీ మొహానికే. విమానం మీద జీ-ఈఏఓయూ అని రిజిస్ట్రేషన్ అక్షరాలుండేవి. ఆ ఐదక్షరాలకీ వాళ్ళు చెప్పుకున్న అర్థం "దేవుడా, మమ్మల్నందర్నీ నువ్వే కాపాడాలి" అని!

నవంబరు 12న లండన్ శివార్లలోని హౌన్‌స్లోలో బయల్దేరి, డిసెంబరు 10న డార్విన్‌లో దిగారు. 27 రోజుల 20 గంటలు. మధ్యలో కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తాల్లో దిగారు. విమానాశ్రయం అనే మాటే సరిగా లేని రోజులు. కలకత్తాలో గుర్రప్పందాల మైదానమే రన్‌వే. అక్కణ్ణించి లేస్తుంటే గద్దలు అడ్డొచ్చి విమానానికి తగిలాయి. జావాలోని సురబయలో బురదలో చక్రాలు దిగబడిపోతే, ఊళ్ళోవాళ్ళు ఇళ్ళలోంచి వెదురు తడికెలు తెచ్చి పరిచారు. ఆ తడికెల రోడ్డు మీద పరిగెత్తి విమానం లేచింది. ఆ పదివేల పౌండ్లలో సురబయ జనానికి ఒక వాటా ఉండాల్సింది అని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు లెక్క. ఆ 27 రోజుల 20 గంటలంటే 668 గంటలు. అందులో వాళ్ళు గాల్లో ఉన్నది 135 గంటలు. దూరం 17,911 కిలోమీటర్లు. అంటే ఎగురుతున్నప్పుడు వేగం గంటకు 133 కిలోమీటర్లు. మన పల్లెవెలుగు బస్సుతో పోలిస్తే రాకెట్టే. కానీ ప్రయాణంలో ఐదింట నాలుగొంతుల సమయం విమానం నేల మీదే ఉంది. ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తోందని ప్రొఫైలర్ పెట్టి చూస్తే, ప్రాసెసర్ ఇరవై శాతమే పనిచేస్తోంది, మిగతాదంతా ఎవరికోసమో ఎదురుచూస్తోంది అని తేలుతుందే, అచ్చం అలా. ఇలాంటప్పుడు ఇంజన్ వేగం రెట్టింపు చేసినా ఒరిగేది పదిశాతమే.

ఇంతా చేసి వాళ్ళు చేరింది డార్విన్. అదే దేశంలో ఉన్న సిడ్నీకి ఎప్పుడు చేరారో తెలుసా? 1920 ఫిబ్రవరి 14న. దారిలో ఇంజన్ పాడై, బాగుచేయించుకుని, అలా అలా. లండన్ నుంచి డార్విన్‌కి 28 రోజులు, డార్విన్ నుంచి సిడ్నీకి 66 రోజులు! ఈ సంగతి చదివినప్పుడు పక్కన ఎవరూ లేకపోయినా పైకి నవ్వేశాను. అన్నట్టు, గడువు దాటిపోయినా పట్టు వదలకుండా వచ్చిన బృందం ఒకటుంది. పేరర్, మెకింటాష్ అనే ఇద్దరు, ఒక పాత డీహెచ్-9 విమానంలో. వాళ్ళకి డార్విన్ చేరటానికి 206 రోజులు పట్టింది. 1788 నాటి ఓడల కంటే ఓ నెలన్నర మేలు.

ఈ పందెం కోసం ఆస్ట్రేలియా లోపల విమానాలు దిగటానికి చోట్లు వెతకమని హడ్సన్ ఫిష్, పాల్ మెగిన్నెస్ అనే ఇద్దరు మాజీ సైనికులకి పని అప్పగించారు. రోడ్లు లేని చోట ఒక ఫోర్డు కారేసుకుని వాళ్ళు లాంగ్‌రీచ్ నుంచి డార్విన్ వైపు వెళ్ళారు. ఆ ప్రయాణంలో వాళ్ళకి బాగా అర్థమైందేమిటంటే, ఈ దేశంలో కారు పనికిరాదు, విమానమే కావాలి అని. 1920 నవంబరులో వాళ్ళు మరికొందరితో కలిసి పెట్టిన కంపెనీయే క్వాంటాస్.

తర్వాతి పదిహేనేళ్ళు రికార్డుల కాలం. 1928లో బెర్ట్ హింక్లర్ ఒంటరిగా పదిహేను రోజులన్నరలో వచ్చాడు. 1930లో ఏమీ జాన్సన్ అనే 26 ఏళ్ళ అమ్మాయి ఒంటరిగా పందొమ్మిదిన్నర రోజుల్లో డార్విన్ చేరింది. మధ్యలో పెట్రోలు అయిపోయి ఝాన్సీలో సైనికుల పెరేడ్ మైదానంలో దించేసింది. ఝాన్సీలోనే దిగటం యాదృచ్ఛికమే లెండి. 1934 అక్టోబరులో ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్‌కి పెద్ద పందెం జరిగింది. స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు డీ హావిలాండ్ కామెట్ అనే ఎర్ర విమానంలో 71 గంటల్లో చేరిపోయారు. మూడు రోజుల్లోపే! కానీ నాకు గెలిచినవాళ్ళకంటే రెండో స్థానంలో వచ్చిన డచ్చి విమానం 'ఔవర్' కథ ఎక్కువ నచ్చింది. అది పందెం కోసం చేసింది కాదు, మామూలు డీసీ-2 ప్రయాణికుల విమానం. ముగ్గురు ప్రయాణికుల్నీ, ఉత్తరాల సంచుల్నీ వేసుకుని మరీ పందెంలోకి దిగింది. చివరి రాత్రి గాలివానలో దారి తప్పి ఆల్బరీ అనే చిన్న ఊరి మీద చక్కర్లు కొడుతోంది. ఊళ్ళోవాళ్ళు ఆ చప్పుడు విని, ఊరి కరెంటు దీపాలన్నీ ఆర్పుతూ వెలిగిస్తూ మోర్స్ కోడ్‌లో ఊరి పేరు చెప్పారు. రేడియోలో ప్రకటన విని జనం కార్లేసుకుని గుర్రప్పందాల మైదానానికి వెళ్ళి హెడ్‌లైట్లు వెలిగించి వరసగా నిలబెట్టారు. విమానం క్షేమంగా దిగి బురదలో కూరుకుపోతే, తెల్లారాక తాళ్ళు కట్టి లాగారు. మళ్ళీ ఎగిరి రెండో స్థానంలో చేరింది. మామూలు ప్రయాణికుల విమానం పందెం విమానానికి దగ్గర్లో రాగలిగిందంటే ఇక ఓడల పని అయిపోయినట్టేనని లోకానికి అర్థమైంది.

అయితే రికార్డు వేరు, టైంటేబుల్ వేరు. (ల్యాబ్‌లో బెంచ్‌మార్కుకీ కస్టమర్ దగ్గర నడిచేదానికీ ఉన్న తేడా మనకి ఒకరు చెప్పక్కర్లేదు.) 1935 ఏప్రిల్లో బ్రిటన్ ఇంపీరియల్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ కలిసి లండన్-బ్రిస్బేన్ మధ్య ప్రయాణికులకు సర్వీసు మొదలుపెడితే దానికి పట్టింది పన్నెండున్నర రోజులు. టికెట్టు 195 పౌండ్లు. అందులో ఒక తమాషా ఉంది. ప్యారిస్ నుంచి ఇటలీ కొసన ఉన్న బ్రిందిసి దాకా విమానం కాదు, రైలు! విమానం టికెట్టు కొన్నవాళ్ళు ఐరోపా దాటింది రైల్లో. కారణం ఇంజన్లు కాదు. ఇటలీ తమ నేల మీదుగా ఎగరనివ్వలేదు, అంతే.

1938లో సముద్రవిమానాలొచ్చాయి. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో నీళ్ళమీంచి లేచి, సిడ్నీ రోజ్ బేలో నీళ్ళమీద దిగేవి. తొమ్మిది పది రోజులు. రాత్రిళ్ళు ఎగరవు. పొద్దున్నే ఎక్కించుకోవటం, సాయంత్రం దించి హోటల్లో పడుకోబెట్టటం. మన దేశంలో ఎక్కడెక్కడ ఆగేవో చూడండి: కరాచీ, ఉదయపూర్ దగ్గరున్న రాజ్‌సమంద్ చెరువు, గ్వాలియర్ దగ్గరొక చెరువు, అలహాబాద్‌లో యమున, కలకత్తాలో హుగ్లీ. రాజస్థాన్ కరువులో జనం పని కోసం, నీళ్ళ కోసం 17వ శతాబ్దంలో మేవాడ్ రాణా కట్టించిన చెరువులో లండన్ విమానం దిగటం! ఊహించుకోండి.

ఇక్కడొక్కసారి ఆగి ఆ పది లైన్ల ప్రోగ్రాం దగ్గరికి వెళ్దాం. భూగోళం మీద లండన్ నుంచి సిడ్నీకి అతి దగ్గరి దారి గీస్తే అది ఎటు వెళ్తుందో తెలుసా? డెన్మార్క్ మీదుగా మాస్కోకి కాస్త ఉత్తరంగా పోయి, ఉరల్ పర్వతాలు దాటి, కజకిస్తాన్, పశ్చిమ చైనా, దక్షిణ చైనా సముద్రం మీదుగా దిగుతుంది. భారతదేశాన్ని తాకనే తాకదు. మరి అందరూ కరాచీ, కలకత్తాల్లో ఎందుకు దిగారు? కింద ఉన్న నేల బ్రిటిషువాళ్ళది కాబట్టి. ఈజిప్టు, ఇరాక్, ఇండియా, బర్మా, మలయా. ఎర్రరంగు పూసిన పటం ఎటుంటే దారి అటు.

దీనివల్ల వాళ్ళకి ఎంత దూరం ఎక్కువైంది? నేను లెక్కేసి చూసి ఆశ్చర్యపోయింది ఇక్కడే. కలకత్తా మీదుగా వెళ్తే సుమారు వంద కిలోమీటర్లు ఎక్కువ. సింగపూర్ మీదుగా ఒక నూటయాభై దాకా. అంతే. ఎందుకంటే రెండు చోట్లు భూగోళానికి దాదాపు ఎదురెదురుగా ఉన్నప్పుడు ఏ దారిన వెళ్ళినా ఇంచుమించు అంతే దూరం. బంతి మీద దారం పెట్టి చూడండి, తెలుస్తుంది. సరదాగా శంషాబాద్ కూడా పెట్టి చూశాను. లండన్-హైదరాబాద్ 7,750, హైదరాబాద్-సిడ్నీ 9,560. మొత్తం 17,310. అసలు దూరం కంటే మూడువందలు కూడా ఎక్కువ కాదు. అదే దుబాయ్ మీదుగా వెళ్తే ఐదువందల పైన ఎక్కువ. అంటే లండన్ నుంచి సిడ్నీ వెళ్ళేవాడికి దుబాయ్ కంటే మన హైదరాబాదే దగ్గరి దారి! కానీ 2013 నుంచి 2018 దాకా క్వాంటాస్ పెద్ద విమానాలు ఆగింది దుబాయ్‌లో. దూరం చూసి ఎవరూ మజిలీ ఎంచుకోరు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి పోయింది. నాలుగు రోజులకి డార్విన్ మీద బాంబులు పడ్డాయి. లండన్-సిడ్నీ దారి నడుమకి తెగిపోయింది. జపాన్ నౌకాదళం హిందూమహాసముద్రంలోకి వచ్చేసింది. ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల చెరువు నుంచి లేచిన ఒక క్యాటలీనా సముద్రవిమానం (నడిపింది కెనడాకి చెందిన బిర్చాల్) జపాన్ నౌకల్ని చూసి వైర్‌లెస్‌లో కబురు పంపింది. కూలిపోయేలోపు పంపిన ఆ కబురు వల్లే మర్నాడు కొలంబో కాస్త సిద్ధంగా ఉండగలిగింది. ఆ మర్నాడు, ఏప్రిల్ 6న, బాంబులు పడింది మన విశాఖపట్నం, కాకినాడల మీద. మన పెద్దవాళ్ళు "జపానోడు బాంబులేసినప్పుడు" అని చెప్పే కథలన్నీ ఈ వారానివే.

తెగిన దారిని అతికించాలంటే మిగిలింది ఒక్కటే మార్గం. ఆస్ట్రేలియా పశ్చిమ కొసన ఉన్న పెర్త్ నుంచి సింహళంలోని అదే కొగ్గల చెరువుకి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, సముద్రం మీదుగా 5,650 కిలోమీటర్లు. 1943లో క్వాంటాస్ పైలట్లు క్యాటలీనాలతో అది మొదలుపెట్టారు. ఆ విమానం వేగం గంటకు 200 కిలోమీటర్లు. లెక్క వేసుకోండి: 28 గంటలు. ఎదురుగాలి ఉంటే ఇంకా ఎక్కువ. 32 గంటల 9 నిమిషాలు ఎగిరిన రోజు కూడా ఉంది. ప్రయాణికుల విమానాల్లో గాల్లో అంతసేపు ఉన్న రికార్డు దానిదే. విమానం మోయాల్సినదానికంటే ఎంతో ఎక్కువ పెట్రోలు నింపేవాళ్ళు. మిగిలిన చోటు ముగ్గురు మనుషులకి, ఓ డెబ్భై కిలోల ఉత్తరాలకి. లేచిన మొదటి గంటల్లో ఒక ఇంజన్ ఆగితే రెండోది ఆ బరువు మోయలేదు, సముద్రంలో దిగటమే. జపాన్ విమానాలు తిరిగే భాగం చీకట్లో దాటాలి. రేడియో వాడకూడదు, వాడితే దొరికిపోతారు. మరి దారి ఎలా తెలుస్తుంది? నక్షత్రాలు చూసి.

అందుకే ఆ ఐదు విమానాలకీ దారి చూపే నక్షత్రాల పేర్లే పెట్టారు. ఆల్టెయిర్, వేగా, స్పైకా, అంటారెస్, రైజెల్. మన భాషలో చెప్పాలంటే శ్రవణం, అభిజిత్తు, చిత్త, జ్యేష్ఠ. రైజెల్ ఒక్కటే మన పంచాంగంలోకి రాదు. మా అమ్మమ్మకి ఈ కథ చెప్పి ఉంటే, జ్యేష్ఠా నక్షత్రం పేరు పెట్టుకుని ఎవరైనా ప్రయాణం చేస్తారా అని తిట్టి ఉండేది. చిత్రమేమంటే 1945 జులైలో ఆపేసేలోపు 271 సార్లు సముద్రం దాటితే ఒక్కటి కూడా పోలేదు. ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూస్తారు కాబట్టి ఆ ప్రయాణికులకి "రెండు సూర్యోదయాల రహస్య సంఘం" సభ్యులని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు. యుద్ధం అయ్యాక ఆ విమానాలనేం చేశారంటే, అమెరికా అరువు ఒప్పందం ప్రకారం వాడుకోవటానికి వీల్లేదు కాబట్టి సముద్రంలో ముంచేశారు. మ్యూజియంలో పెట్టటానికి ఒక్కటి కూడా మిగల్లేదు. ఒప్పందాలు రాసేవాళ్ళు ఏ కాలంలోనైనా ఒకటే!

కొగ్గల వాళ్ళ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. అది సింహళ రచయిత మార్టిన్ విక్రమసింఘె ఊరు. విమానాల కోసం అక్కడ స్థావరం కట్టేటప్పుడు ఊళ్ళోవాళ్ళని ఖాళీ చేయించారు. ఆయన పుట్టిన ఇల్లు నిలిచింది, ఇప్పుడది మ్యూజియం. పెర్త్ నుంచి ఎగిరిన వాళ్ళ సాహసం గురించి నాలుగు మాటలు రాసేటప్పుడు, వాళ్ళు దిగటానికి చోటిచ్చి పోయినవాళ్ళ గురించి ఒక్క మాటైనా రాయకపోతే బాగుండదు.

యుద్ధం తర్వాత కథ వేగంగా నడుస్తుంది. 1947 డిసెంబరు 1న క్వాంటాస్ లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ విమానం 29 మంది ప్రయాణికులతో, 11 మంది సిబ్బందితో సిడ్నీలో బయల్దేరింది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ, లండన్. నాలుగు రోజులు. రానూపోనూ టికెట్టు 585 పౌండ్లు. అప్పట్లో సగటు ఆస్ట్రేలియా ఉద్యోగికి ఏడాది జీతం మొత్తం ఇచ్చినా చాలదు. 1959లో బోయింగ్ 707 జెట్లు వచ్చాయి. గంటకు 900 కిలోమీటర్లు. 1971లో క్వాంటాస్‌కి 747లు వచ్చాయి, మామూలు జనం ఎక్కటం మొదలైంది.

ఇప్పుడు మొదట అన్న సగం నిజానికి వద్దాం. 1959 నాటి 707 వేగం ఎంత? 900 పైచిలుకు. ఇప్పటి విమానాల వేగం ఎంత? అంతే! అరవై ఏళ్ళు దాటినా ప్రయాణికుల విమానం వేగం పెరగలేదు. పెంచాలని చూసింది కాంకార్డ్. ఈ దారి మీదకి తీసుకురావాలనే 1977లో లండన్-బహ్రెయిన్-సింగపూర్ నడిపారు. మూడు ట్రిప్పులకే తమ ఆకాశంలో ఆ చప్పుడు కుదరదని మలేసియా అడ్డు చెప్పింది. 1979లో మళ్ళీ మొదలుపెట్టి 1980లో మానేశారు. ఆ సర్వీసు సిడ్నీ దాకా రానేలేదు. అంటే ఈ అరవై ఏళ్ళలో తగ్గిందంతా ఆగటాలు తగ్గటం వల్ల తగ్గిందే. ఆరు మజిలీలు నాలుగై, రెండై, ఒకటై. ఒక్కొక్క మజిలీ పోయినప్పుడల్లా ఒక ఊరు పటంలోంచి పోయింది. కరాచీ, కలకత్తా ఒకప్పుడు ఐరోపాకీ ఆస్ట్రేలియాకీ మధ్య అందరూ దిగాల్సిన ఊళ్ళు. కలకత్తా నుంచి వచ్చిన మిత్రుడొకడు, తమ ఊరికి ఒకప్పుడు ప్రపంచంలోని ప్రతి పెద్ద విమానం కంపెనీ వచ్చేదని మా తరంవాళ్ళు నమ్మరనేవాడు. విమానం ట్యాంకు పెద్దదైతే ఊరు చిన్నదవుతుందన్నమాట.

ఆగటాల లెక్క మా ఇంట్లో కూడా ఒకటుంది. మా బాబాయి తొంభైల్లో సిడ్నీలో ఉద్యోగం చేసేవాడు. 1996లో తెనాలి దగ్గర మా ఊళ్ళో తాతయ్య పోయారు. ఫోన్లో పది నిమిషాల్లో తెలిసింది. బాబాయి ఇల్లు చేరటానికి 41 గంటలు పట్టింది. సిడ్నీ నుంచి సింగపూర్ ఎనిమిది గంటలు, అక్కణ్ణించి మద్రాసు నాలుగు గంటలు. గాల్లో ఉన్నది పన్నెండు గంటలే. మిగతా 29 గంటలు సీటు కోసం, తర్వాతి విమానం కోసం, మద్రాసు సెంట్రల్‌లో రైలు కోసం. వచ్చేసరికి అంతా అయిపోయింది, కర్మకాండకి మాత్రం ఉన్నాడు. ఎవరినీ తప్పుపట్టేది లేదు, అన్నీ టైముకే నడిచాయి. పన్నెండు బై నలభై ఒకటి అంటే 29 శాతం. బెదిరిపోయిన గద్దలూ, వెదురు తడికెలూ ఉన్న 1919లో ఇది 20 శాతం. తేడా తొమ్మిది శాతం. మనలో విదేశాల్లో ఉన్న ప్రతివాడూ మనసులో వేసుకునే లెక్క ఇదే కానీ పైకి అనం. 2022 సెప్టెంబరులో సిడ్నీ నుంచి బెంగళూరుకి నేరుగా విమానం మొదలైందని విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది కిలోమీటర్లు కాదు.

మరి లండన్-సిడ్నీ మధ్య ఆ చివరి మజిలీ కూడా తీసేయొచ్చా? 1989 ఆగస్టులో క్వాంటాస్ ఒకసారి చేసి చూపించింది. కొత్త 747-400, పేరు 'సిటీ ఆఫ్ క్యాన్‌బెరా'. సీట్లు ఖాళీ, టికెట్టు కొన్న ప్రయాణికుడు ఒక్కడూ లేడు. మామూలుది కాకుండా సాంద్రత ఎక్కువున్న ఇంధనం జర్మనీలో ప్రత్యేకంగా చేయించి నింపారు. ట్యాక్సీయింగ్‌లో ఇంధనం ఖర్చవుతుందని రన్‌వే దాకా ట్రాక్టరుతో లాక్కెళ్ళారు. 20 గంటల 9 నిమిషాల్లో సిడ్నీలో దిగింది. సాధ్యమే అని తేలింది, గిట్టుబాటు కాదు అనీ తేలింది. ఎందుకంటే ఇది రికర్షన్ లాంటి సమస్య. దూరం వెళ్ళాలంటే ఇంధనం కావాలి. ఆ ఇంధనాన్ని మోయటానికి ఇంకొంత ఇంధనం, దాన్ని మోయటానికి ఇంకొంత. చివరి రెండు గంటల కోసం పోసుకున్నదాన్ని మొదటి పద్దెనిమిది గంటలూ మోసుకుంటూ తిరగాలి. బరువు ఎక్కడో తగ్గాలి కాబట్టి మనుషుల్ని తగ్గించాలి. మధ్యలో ఆగి పోసుకునేవాడికి ఆ బాధ లేదు. అందుకే మజిలీ విమానం టికెట్టు చవక. అన్నట్టు ఆ 747 చివరి ప్రయాణం 2015 మార్చిలో, సిడ్నీ నుంచి ఇల్లవారాలోని విమానాల మ్యూజియానికి. పావుగంట.

2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కి బోయింగ్ 787లతో ఆగని సర్వీసు మొదలైంది. 14,500 కిలోమీటర్లు, 17 గంటలు. క్యాటలీనాలు లేచిన ఊరే. 2019 నవంబరులో లండన్ నుంచి సిడ్నీకి యాభైమంది దాకా మనుషులతో, వాళ్ళ నిద్ర, తిండి, అలసట కొలుస్తూ ఒక పరిశోధన ప్రయాణం చేశారు. 19 గంటల 19 నిమిషాలు. 2022 మేలో ఎయిర్‌బస్‌కి ఏ350-1000 విమానాలు 12 ఆర్డరిచ్చారు. 20,000 లీటర్ల అదనపు ట్యాంకు, సీట్లు 238 మాత్రమే. ఈ పథకానికి పెట్టిన పేరు 'ప్రాజెక్ట్ సన్‌రైజ్', ఆ రెండు సూర్యోదయాల గుర్తుగా. 2025 అన్నారు, తర్వాత 2027కి జరిపారు. మన రిలీజ్ డేట్లు చూసినవాళ్ళం కాబట్టి నవ్వటానికి లేదు. ఎక్కేది ఎవరు అంటే, రెండు మూడు గంటలు మిగుల్చుకోవటానికి ఎక్కువ ఇవ్వగలిగినవాళ్ళు. నన్నడిగితే ఇరవై గంటలు ఒకే సీట్లో కూర్చోటం కంటే సింగపూర్‌లో దిగి కాళ్ళు సాచుకోవటమే సుఖం. కానీ ఇంటి దగ్గర ఎవరో పోతున్నారని ఫోనొచ్చినవాడు సుఖం చూసుకోడు, ఎంతైనా ఇచ్చి ఎక్కుతాడు.

ఇంతా చేశాక 2024 ఆగస్టులో ఏమైందంటే, పశ్చిమాసియాలో ఉద్రిక్తతల వల్ల ఇరాన్ ఆకాశం తప్పించుకోవాల్సి వచ్చింది. దారి కాస్త పొడవైంది. పెర్త్ నుంచి లండన్ వెళ్ళాల్సిన ఆగని విమానం, అంత ఇంధనంతో అంతమందిని మోయలేక, కొన్నాళ్ళపాటు సింగపూర్‌లో దిగి ఇంధనం పోసుకుని వెళ్ళింది.